అప్లాస్ ఫాదర్‌ని తలిచే రోజున మా ఉపదేశుల్నీ తలవండి

పూజ్యులైన తెలుగు పీఠాధిపతులకు, విచారణ గురువులకు,

క్రీస్తునాథుని పేరిట వందనాలు.

నేను ఒక ఉపదేశి కూతుర్ని. ఉపదేశి అంటే గురువు, అదే ఫాదరు గారు, ఊళ్లో లేనప్పుడు పల్లెలో ప్రార్థనలు నడిపి జపాలు నేర్పే మనిషి. పల్నాడులో, మా మాదిగపల్లెలో, ముప్పై రెండేళ్లు ఉపదేశిగా పనిచేసిన మనిషి మా నాయన. నేను పద్నాలుగేళ్లుగా అమెరికాలో ఓక్లహోమా నగరంలో నర్సుగా పనిచేస్తున్నాను. మా ఇంటి నుంచి ముప్పావు గంట ప్రయాణంలో ఓకార్చీ అనే చిన్న ఊరుంది. ఓక్లహోమా, అరాపహో, షయెన్ అనే మూడు పేర్ల ముక్కలు కలిపి పెట్టిన పేరది. గోధుమ చేలు, పశువులు, ఒక చర్చి, దాని పక్కన బడి. అప్లాస్ ఫాదర్ అని పేరుపడ్డ ధన్య స్టాన్లీ రోథర్ పుట్టింది ఆ ఊళ్లోనే. ధన్యుడంటే పునీతుడి కన్నా ఒక మెట్టు ముందు కతోలిక శ్రీసభ ఇచ్చే గౌరవం. 1981 జూలై 28న మధ్య అమెరికా దేశం గ్వాటెమాలాలో తాను సేవ చేస్తున్న విచారణ (ఒక గురువు చూసుకునే చర్చి పరిధి) ఇంట్లోనే ఆయన్ని కాల్చి చంపారు. అప్పటికి ఆయన వయసు 46.

ఆయన్ని మన పీఠాల్లోనూ, అంటే ఒక్కో పీఠాధిపతి (బిషప్పు) కింద ఉన్న ప్రాంతాల్లోనూ, తలుచుకోవాలని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. అయితే ఆయన ఒక్కర్నే తలుచుకోవద్దని కూడా అడుగుతున్నాను. ఈ రెండో మాటకు కారణం చెప్పాలంటే ముందు ఆయన కథ చెప్పాలి. మన తెలుగువాళ్లలో ఆ కథ తెలిసినవాళ్లు తక్కువ.

స్టాన్లీ ఫ్రాన్సిస్ రోథర్ 1935 మార్చి 27న జర్మన్ మూలాలున్న రైతు కుటుంబంలో పుట్టారు. ట్రాక్టరు, నాగలి, మరమ్మతు పనులు చేతికి బాగా వచ్చు. రానిది లాటిన్ ఒక్కటే. ఆ రోజుల్లో గురువిద్య చాలామటుకు లాటిన్‌లోనే నడిచేది. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో సెమినరీ వాళ్లు ఈ అబ్బాయికి చదువు రాదని ఇంటికి పంపేశారు. అంతటితో ఆ కథ ముగిసిపోవాల్సింది. ఓక్లహోమా పీఠాధిపతి విక్టర్ రీడ్ గారు మాత్రం ఆయన్ని వదులుకోలేదు, మేరీలాండ్‌లోని మౌంట్ సెయింట్ మేరీస్‌కు పంపి మరో అవకాశం ఇచ్చారు. 1963లో గురుపట్టం అందింది. అయిదేళ్ల తర్వాత, 1968లో, తమ పీఠం నడిపే మిషనుకు వెళ్తానని ఆయనే అడిగి గ్వాటెమాలాలోని సాంతియాగో అతిత్లాన్‌కు వెళ్లారు.

అది పెద్ద సరస్సు ఒడ్డున, అగ్నిపర్వతాల పాదాల దగ్గర ఉన్న ఊరు. అక్కడి జనం మాయా జాతికి చెందిన త్సుతుహిల్ ప్రజలు. మొక్కజొన్న, చిక్కుడు పండించుకుని, కాఫీ తోటల్లో కూలికి పోయి బతికే బీదలు. వాళ్ల భాష త్సుతుహిల్. స్పానిష్ అక్కడ దొరల భాష, కచేరీ భాష. లాటిన్ రాదని సెమినరీ నుంచి వెనక్కి వచ్చిన మనిషి ముందు స్పానిష్, ఆపైన త్సుతుహిల్ నేర్చుకున్నారు. కొన్నేళ్లకు దివ్యపూజ కూడా ఆ భాషలోనే చేశారు. అంతవరకు లిపిలో స్థిరపడని ఆ భాషలోకి కొత్త నిబంధనను తర్జుమా చేసే పనిలో ఊరివాళ్లతో కలిసి కూర్చున్నారు. స్టాన్లీ అనే పేరు వాళ్ల నోటికి తిరగలేదు. అందుకని ఆయన మధ్య పేరు ఫ్రాన్సిస్‌ను పట్టుకుని తమ భాషలో 'అప్లాస్' అన్నారు. ఫాదర్ అప్లాస్. ఊరివాళ్లు పెట్టిన పేరునే తన పేరుగా చేసుకున్న గురువాయన.

పొలం పనికి ఆయన కూడా దిగేవారు. బుల్డోజరు తానే నడిపి భూమి చదును చేశారు, సహకార సంఘానికి అండగా ఉన్నారు, పాడైన బండ్లు బాగుచేశారు. ఓక్లహోమా మిషను ఊరి పక్కనున్న పనాబాహ్‌లో కట్టిన చిన్న ఆసుపత్రిని 'ఓస్పితాలితో' అంటారు. బుల్లి ఆసుపత్రి అని దాని అర్థం. 'అతిత్లాన్ గొంతు' పేరుతో ఒక రేడియో కేంద్రం కూడా ఉండేది. చదువు రాని జనానికి లెక్కలూ అక్షరాలూ వాళ్ల భాషలోనే వినిపించింది. మొదట్లో మిషనులో డజను మంది దాకా ఉండేవారు. ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 1970ల నడిమికి వచ్చేసరికి ఓక్లహోమా గురువుల్లో అక్కడ మిగిలింది ఆయన ఒక్కరే.

ఒక్కరే మిగిలారని రాశాను గానీ, ఆ మాట సరికాదు. జీవిత చరిత్రలు అలాగే రాస్తాయి. ఆయన చుట్టూ ఉపదేశులు ఉన్నారు. అన్ని వేల మంది విశ్వాసుల ఊరిని ఒక్క గురువు మోయగలడా? ప్రార్థన నేర్పింది, తర్జుమాలో సరైన మాట అందించింది, రేడియోలో మాట్లాడింది, రోగుల్ని మోసుకొచ్చింది ఆ ఊరి ఉపదేశులే. చావు ముందు తట్టింది కూడా వాళ్ల తలుపునే.

గ్వాటెమాలా అంతర్యుద్ధం 1960 నుంచి 1996 దాకా సాగింది. చనిపోయినవాళ్లు, మాయమైనవాళ్లు కలిసి రెండు లక్షల పైమాటేనని, గుర్తించిన బాధితుల్లో 83 శాతం మాయా ప్రజలేనని సత్యశోధన సంఘం 1999లో తేల్చింది. అక్షరాలు నేర్పడం, సహకార సంఘం పెట్టడం, బీదవాడికి బైబిలు వాడి భాషలో చదివి వినిపించడం సైన్యం కంటికి తిరుగుబాటులాగే కనబడ్డాయి. 1980 అక్టోబరులో సాంతియాగో అతిత్లాన్ పక్కన సైనికులు మకాం వేశారు. ఆ నెలలోనే రేడియో కేంద్రం నడిపే గాస్పర్ కులాన్‌ను ఇంటి నుంచి లాక్కెళ్లారు. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు మాయమవుతూ వచ్చారు. ఊరి మగవాళ్లు రాత్రుళ్లు ఇళ్లల్లో పడుకోవడానికి భయపడి చర్చిలోకి వచ్చి పడుకునేవారు.

1981 జనవరి 3 రాత్రి. దియేగో కిక్ అనే ఉపదేశి, చిన్నపిల్లల తండ్రి, కొన్నాళ్లుగా తలదాచుకుంటున్న విచారణ ఇంటికి వస్తున్నాడు. గుమ్మం దాకా వచ్చాక పట్టుకున్నారు. వరండా కమ్మీని గట్టిగా పట్టుకుని పెనుగులాడాడు. సాయం చేయమని కేకలు వేశాడు. ఆ కేక విని ఫాదర్ అప్లాస్ బయటికి వచ్చారు. దూకి అడ్డం వెళ్లాలని ఉన్నా, వెళ్తే తననూ చంపుతారనో ఎత్తుకుపోతారనో తెలిసి అక్కడే నిలబడిపోయానని తర్వాత ఒక ఉత్తరంలో ఆయనే రాసుకున్నారు. దియేగోను కారులో పడేసి తీసుకుపోయారు. అతను మళ్లీ కనిపించలేదు.

పీఠాధిపతులారా, ఈ ఉత్తరం రాయడానికి నన్ను కూర్చోబెట్టింది ఈ ఒక్క రాత్రే. ధన్యుడిగా ఎత్తబడిన మనిషి తన పిరికి క్షణాన్ని దాచుకోలేదు. దియేగో అరుపు ఆయన్ని చివరిదాకా వదల్లేదని నేను నమ్ముతాను. ఆ నెలాఖరుకే హత్యల జాబితాలో ఆయన పేరు కూడా ఉందని తెలిసింది. తోటి గురువుతో కలిసి దేశం దాటి ఓక్లహోమాకు వచ్చేశారు. ఇక్కడ కన్నవాళ్లున్నారు, పొలం ఉంది, ఏ విచారణ ఇచ్చినా హాయిగా బతకొచ్చు. కానీ ఈస్టరుకు ముందు పవిత్ర వారానికల్లా తిరిగి అతిత్లాన్ వెళ్లిపోయారు. అంతకుముందు క్రిస్మస్‌కు ఓక్లహోమా విశ్వాసులకు రాసిన ఉత్తరంలో, ఆపద తొలి జాడ కనబడగానే కాపరి పారిపోకూడదు అని రాసింది ఆయనే కదా.

జూలై 28, అర్ధరాత్రి దాటాక, ముసుగులు వేసుకున్న ముగ్గురు విచారణ ఇంట్లో జొరబడ్డారు. అక్కడ పడుకున్న ఒక కుర్రవాణ్ణి పట్టుకుని, ఫాదర్ ఎక్కడున్నాడో చూపించకపోతే నిన్ను చంపుతామన్నారు. ఆ కుర్రవాడు తలుపు దగ్గరికి వచ్చి, మీ కోసం వచ్చారు ఫాదర్ అని చెప్పాడు. ఆయన లోపల దాక్కోలేదు. కుర్రవాడి ప్రాణం పోకూడదని తలుపు తీశారు. జనవరిలో వరండాలో నిలబడిపోయిన మనిషే జూలైలో తలుపు తీశారు. ఎత్తుకుపోవడానికి మాత్రం ఒప్పుకోలేదు, పెనుగులాడారు. సాయం కోసం కేక వేయలేదు. వేస్తే పక్క గదుల్లో ఉన్న మఠకన్యలు, తక్కినవాళ్లు పరుగెత్తుకొచ్చి చచ్చిపోతారు. రెండు గుళ్లు తలలో పేల్చారు.

దేహం ఓకార్చీకి వచ్చింది. గుండె మాత్రం మాకు కావాలని త్సుతుహిల్ ప్రజలు అడిగారు. ఓకార్చీలో ఉన్న తల్లిదండ్రులు సరేనన్నారు. ఆ గుండె ఈనాటికీ సాంతియాగో అతిత్లాన్ చర్చిలోనే ఉంది. ఆయన ప్రాణం పోయిన గది ఇప్పుడు ప్రార్థన గది. చంపించిన అసలు బాధ్యులకు మాత్రం శిక్ష పడలేదు.

2016 డిసెంబరులో ఫ్రాన్సిస్ పోపు గారు ఆయన్ని వేదసాక్షిగా, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాడిగా, గుర్తించారు. 2017 సెప్టెంబరు 23న ఓక్లహోమా నగరంలో ధన్యుడిగా ప్రకటించారు. అమెరికాలో పుట్టినవాళ్లలో వేదసాక్షిగా శ్రీసభ గుర్తించిన మొదటివాడు ఆయనే. 2023 ఫిబ్రవరిలో ఐ-35 రహదారి పక్కన ఆయన పేరిట పెద్ద పుణ్యక్షేత్రం తెరిచారు. రెండు వేల మంది పట్టే దేవాలయం, ఒక పక్క చాపెల్‌లో ఆయన సమాధి. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోతూ నేను అప్పుడప్పుడు అక్కడ ఆగుతాను. పనికొచ్చిన బట్టల్తోనే మెక్సికో కూలీలు మోకాళ్లూనుకుని ఉంటారు. ఆ దృశ్యం చూస్తే మన గుణదల కొండ గుర్తొస్తుంది.

ఇంత గౌరవం జరిగింది, జరగాల్సిందే. కానీ ఆ సమాధి ముందు మోకరించినప్పుడల్లా నాకు దియేగో గుర్తొస్తాడు. అతని వెనకే మా నాయన గుర్తొస్తాడు.

మా నాయన్ని ఎవరూ ఎత్తుకుపోలేదు, ఎవరూ కాల్చలేదు. ఆయన్ని వేదసాక్షి అనమని నేను అడగడం లేదు. కానీ ఆయన చేసిన పని దియేగో చేసిన పనే. విచారణ కేంద్రం నుంచి ఫాదరు గారు నెలకోసారి వచ్చి పూజ చేసి వెళ్లేవారు. తక్కిన ఇరవై తొమ్మిది రోజులూ మా పల్లెకు శ్రీసభ అంటే మా నాయనే. పొద్దున గంట కొట్టేది ఆయన, పిల్లలకు జపాలు నేర్పేది ఆయన. బిడ్డ పుట్టీ పుట్టగానే చచ్చిపోయేలా ఉందంటే అర్ధరాత్రి లాంతరు పట్టుకుని పోయి జ్ఞానస్నానం ఇచ్చేది ఆయన. ఆసుపత్రికి తోడు వెళ్లడం, పింఛను కాగితాలు నింపడం, తాగొచ్చి పెళ్లాన్ని కొట్టినవాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి గడ్డి పెట్టడం, చచ్చిపోయినవాళ్లకు గుంట దగ్గర పాట ఎత్తుకోవడం, అన్నీ ఆయనే. ఇందుకు ఆయనకు ముట్టిన జీతం మా అమ్మ మిరపకాయల కోతలకు పోయి తెచ్చే కూలి కన్నా తక్కువ. అది కూడా కొన్ని నెలలు వచ్చేది, కొన్ని నెలలు వచ్చేది కాదు. ముసలితనంలో ఏమీ రాలేదు.

కొన్నేళ్ల కిందట ఒక విచారణ జూబ్లీ చేసుకుంటూ సావనీరు వేసింది. మంచి కాగితం, రంగు బొమ్మలు. మొదట్నుంచి పనిచేసిన గురువులందరి ఫోటోలూ ఉన్నాయి, విదేశీ దాతల ఫోటోలు కూడా ఉన్నాయి. ఉపదేశుల పేర్లు ఒక్కటీ లేవు. మా అమ్మ ఆ పుస్తకాన్ని రెండుసార్లు తిరగేసి మంచం మీద పెట్టేసింది. ఒక్క మాట అనలేదు. ఎవర్నీ నిందించడానికి ఇది రాయడం లేదు. వేసినవాళ్లకు చెడ్డ తలంపేమీ లేదని నాకు తెలుసు. వాళ్లకు తట్టలేదు, అంతే. ఆ తట్టకపోవడమే నాకు గుచ్చుకుంది.

మీరు నాకన్నా చదువుకున్నవారు. ధన్యుల పండుగ వాళ్ల సొంత పీఠానికే పరిమితమని, వేరే పీఠాల్లో బహిరంగంగా జరుపుకోవాలంటే రోము అనుమతి కావాలని నాకు తెలుసు. కాబట్టి అతిత్లాన్ గురువుకు మన గుళ్లలో బలిపీఠం కట్టమని అడగను. ఆయన పటానికి బంగారు చట్రం వేయమని, అవశేషాన్ని తెప్పించి మేళతాళాలతో ఊరేగించమని అసలే అడగను. నేను అడిగేదానికి రోము అనుమతి అక్కర్లేదు. జూలై 28న ప్రతి పీఠంలోనూ, బతికున్న ఉపదేశులందర్నీ భార్యలతో సహా పీఠాధిపతి ఇంటికి పిలవండి. భార్యలతో సహా అని ఎందుకంటున్నానంటే ఆ జీతం మీద ఇల్లు నడిపింది వాళ్లే. వాళ్లకు భోజనం పెట్టండి. మీరు వడ్డించండి. ఫాదర్ అప్లాస్ కథ, దియేగో కథ, రెండూ వాళ్లకు తెలుగులో చెప్పండి. ఆ పూజలో, చనిపోయిన ఉపదేశుల పేర్లు ఒక్కొక్కటే చదవండి.

తర్వాత లెక్కల సంగతి చూడండి. ఉపదేశిగా ఇరవై, ముప్పై ఏళ్లు చేసినవాళ్లకు ముసలితనంలో నెలకు ఇంత అని ఒక నిధి ప్రతి పీఠంలో ఉండాలి. కొన్ని చోట్ల ఇప్పటికే ఉందంటే సంతోషం, మిగతా పీఠాలకూ దారి చూపించండి. డబ్బు ఎక్కడిదంటారేమో. కొత్త గోపురాలకూ, తోరణ ద్వారాలకూ అమెరికాలో ఉన్న మాలాంటివాళ్ల దగ్గరికి చందాకు వస్తారు, మేమూ ఇస్తున్నాం. ఈ నిధికి రండి, ముందుగా ఇచ్చేవాళ్లలో నేనుంటాను.

ఇంకొకటి భాష సంగతి. భద్రాచలం అడవుల్లో కోయవాళ్లున్నారు, ఆదిలాబాదులో గోండులున్నారు, తండాల్లో లంబాడీలున్నారు. మన తెలుగు వాళ్లకు, త్సుతుహిల్ వాళ్లకు స్పానిష్ ఎలాగో అలాగే. పై కులం యాస వినబడితే మా పల్లెలోనే ముసలివాళ్లు పాపసంకీర్తనంలో, అంటే గురువుకు పాపాలు చెప్పుకునేటప్పుడు, నోరు విప్పేవాళ్లు కాదు. ఇక వేరే భాషవాళ్ల సంగతి చెప్పాలా? అక్కడికి పంపే యువగురువుల్ని ముందు ఒక ఏడాది ఆ ఇళ్లల్లోనే ఉంచి భాష నేర్పించండి. కొందరు గురువులు, మఠకన్యలు తమంతట తామే ఆ పని చేశారు. వాళ్లకు దణ్ణం. అది ఒకరిద్దరి ఇష్టం మీద నడిచే పనిగా ఉండకూడదని నా మనవి. రామంతపూర్ సెమినరీలో చదువుకునే తమ్ముళ్లకు రోథర్ జీవితం చెప్పేటప్పుడు, ఆయన్ని ఒక సెమినరీ చదువు రాదని పంపేసిందన్న ముక్క దాచకండి. మార్కులు తక్కువ వచ్చి కుమిలిపోయే పల్లె పిల్లవాడికి ఆ ముక్క కావాలి.

ఈ పని మనకెందుకు, ఎక్కడో గ్వాటెమాలా కథ కదా అని ఎవరైనా అడగొచ్చు. మన దేశానికి ఇటలీ నుంచి, ఇంగ్లండు నుంచి, ఫ్రాన్సు నుంచి వచ్చిన మిషనరీలు మన పల్లెల్లో మనకు అక్షరాలు నేర్పి, మన మట్టిలోనే కలిసిపోయారు. ఇప్పుడు మన గురువులే మిషనరీలై అమెరికా పల్లెలకు వస్తున్నారు. 2025 ఏప్రిల్ 3న, మా పక్క రాష్ట్రం కాన్సాస్‌లోని సెనెకాలో, ఫాదర్ అరుళ్ కారసాల గారిని విచారణ ఇంటి ముందే కాల్చి చంపారు. కడప పీఠానికి అభిషిక్తులైన గురువు, 2004 నుంచి కాన్సాస్‌లో సేవ చేస్తూ వచ్చారు. ఆ మరణాన్ని, అతిత్లాన్ హత్యను ఒకే గాటన కట్టను. రెండింటి కారణాలు వేరు. కానీ ఆ వారం ఇక్కడి రైతులు ఒక తెలుగు గురువు కోసం ఏడవడం చూశాక, ఓకార్చీ రైతుబిడ్డ కోసం త్సుతుహిల్ తల్లులు ఎలా ఏడ్చి ఉంటారో నాకు కొంచెం అర్థమైంది. మనం ఇప్పుడు ఆ కథలో రెండు వైపులా ఉన్నాం.

అతిత్లాన్ ప్రజల గురించి కూడా ఒక మాట. వాళ్లు గుండె దాచుకుని ఊరుకోలేదు. 1990 డిసెంబరు 2న తెల్లజెండాలు పట్టుకుని వేలమంది సైనికుల మకాం దగ్గరికి నడిచారు. సైన్యం కాల్పుల్లో 13 మంది చనిపోయారు. అయినా వెనక్కి తగ్గకపోతే చివరికి సైన్యమే ఊరు వదిలి పోవాల్సి వచ్చింది. ఆ తర్వాత మూతపడ్డ ఓస్పితాలితోను 2005లో మళ్లీ తెరిచారు. అదే ఏడాది అక్టోబరు తుపానులో కొండ విరిగిపడి పనాబాహ్ బురదలో కూరుకుపోయింది. ఆసుపత్రిని మళ్లీ కట్టుకున్నారు. నర్సుని కాబట్టి ఇది రాయకుండా ఉండలేకపోయాను.

ఈ జూలై 28న నేను ఐ-35 పక్కనున్న ఆ సమాధి దగ్గరికి వెళ్తాను. నా పర్సులో ఒక కాగితం ఉంటుంది. మా విచారణలో, దాని చుట్టుపక్కల పల్లెల్లో పనిచేసి పోయిన ఉపదేశుల పేర్లు మా అమ్మ ఫోనులో చెబుతుంటే రాసుకున్నాను. పదకొండు వచ్చాయి. పన్నెండో ఆయన ఇంటిపేరు గుర్తుంది గానీ పేరు గుర్తు రావడం లేదని, పక్కింటి అవ్వనడిగి చెబుతానని అమ్మ అంది. మీ విచారణల పేర్లు కూడా రాసి పంపండి, వాటినీ అక్కడ పైకి చదువుతాను.

ఇట్లు,
ఒక ఉపదేశి కూతురు
ఓక్లహోమా నగరం